జీవిత బీమా సొమ్ము: నామినీకి, వారసులకు మధ్య హక్కు వివాదాలు

జీవిత బీమా పాలసీదారు చనిపోయాక వచ్చే సొమ్ము పాలసీలో పేరు రాసిన నామినీకే దక్కాలా, వారసత్వ చట్టం చెప్పిన వాటాల ప్రకారం వారసులందరూ పంచుకోవాలా అన్నది భారతదేశపు సివిల్ కోర్టుల్లో తరచుగా ఎదురయ్యే తగాదా. దీనికి మూలం 1938 నాటి బీమా చట్టంలోని 39వ సెక్షన్. నామినీ సొమ్ము పుచ్చుకునే చేయి మాత్రమే తప్ప దాని యజమాని కాదని సుప్రీంకోర్టు 1983లో తేల్చింది. తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ముపై వారికి లబ్ధి హక్కు ఉంటుందని 2015లో పార్లమెంటు సవరణ చేసింది. ఆ సవరణ వారసత్వ చట్టాలను ఎంతవరకు పక్కకు నెట్టిందన్న విషయంలో హైకోర్టుల మధ్య ఏకాభిప్రాయం లేదు.

ఈ తగాదాల్లో రెండు వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోతుంటాయి. బీమా సంస్థ ఎవరికి చెల్లిస్తే దాని బాధ్యత తీరిపోతుంది అన్నది ఒకటి. అలా చెల్లించిన సొమ్ము చివరికి ఎవరి ఆస్తి అన్నది మరొకటి. మొదటిదానికి జవాబు దాదాపు ఎప్పుడూ నామినీయే. వ్యాజ్యమంతా రెండోదాని మీదే నడుస్తుంది.

పారిభాషిక పదాలు

పాలసీదారు తన మరణానంతరం సొమ్ము అందుకోవడానికి పేరు రాసి సంస్థ వద్ద నమోదు చేయించిన వ్యక్తి నామినీ. ఒకరికి మించి నామినీలను పెట్టుకుని ఎవరికి ఎంత శాతమో చెప్పవచ్చు. నామినీ మైనరైతే, మైనారిటీ తీరేదాకా సొమ్ము పుచ్చుకునేందుకు నియమించిన పెద్దను అపాయింటీ అంటారు. అపాయింటీకి సొంత హక్కేమీ ఉండదు.

వారసులంటే మృతుడికి వర్తించే వైయక్తిక చట్టం వారసులుగా గుర్తించినవారు. వీలునామా ఉంటే దాని ప్రకారం ఆస్తి పొందేవారు కూడా హక్కుదారులే. అసైనీ వేరు. పాలసీని 38వ సెక్షన్ కింద బదిలీ చేయించుకున్న వ్యక్తి లేదా సంస్థ అసైనీ అవుతుంది. ఇంటి అప్పు ఇచ్చి పాలసీని తన పేర రాయించుకున్న బ్యాంకు దీనికి మామూలుగా కనిపించే ఉదాహరణ. అసైన్‌మెంట్‌తో పాలసీ మీది హక్కే చేతులు మారుతుంది, అందువల్ల అది నామినేషన్ కంటే చాలా బలమైనది.

చారిత్రక నేపథ్యం

భారతదేశంలో ఆధునిక జీవిత బీమా 1818లో కలకత్తాలో ఓరియంటల్ లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ స్థాపనతో మొదలైంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో స్వదేశీ కంపెనీలు చాలా పుట్టాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1925లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ వాటిలో ఒకటి.

1938 చట్టానికి ముందు పాలసీ సొమ్ము కోసం కుటుంబ సభ్యులు కోర్టు నుంచి వారసత్వ రుజువు తెచ్చుకోవలసి వచ్చేది. కంపెనీకి కూడా ఎవరికి చెల్లిస్తే చిక్కు ఉండదో తెలిసేది కాదు. 1939 జూలై 1న అమల్లోకి వచ్చిన బీమా చట్టం ఈ ఇబ్బందికి జవాబుగా నామినేషన్ పద్ధతికి చట్టబద్ధత ఇచ్చింది. 1956 సెప్టెంబరు 1న భారతీయ జీవిత బీమా సంస్థ ఏర్పడ్డాక పాలసీలు పల్లెలకు పాకాయి. 1999 చట్టంతో ప్రైవేటు కంపెనీలకు మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. బీమా రంగాన్ని నియంత్రించే ప్రాధికార సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.

39వ సెక్షన్ ఏం చెబుతుంది

ఈ సెక్షన్ తన ప్రాణం మీద తాను పాలసీ తీసుకున్న వ్యక్తికి వర్తిస్తుంది. పాలసీ తీసుకునేటప్పుడు గానీ, సొమ్ము చెల్లింపుకు వచ్చేలోపు ఎప్పుడైనా గానీ నామినీని పెట్టుకోవచ్చు. నామినేషన్ పాలసీ పాఠంలో ఉండాలి, లేదా పాలసీ మీద ఎండార్స్‌మెంట్ చేయించి సంస్థ రికార్డులో నమోదు చేయించాలి. తర్వాత మనసు మారితే మరో ఎండార్స్‌మెంట్‌తోనో వీలునామాతోనో మార్చుకోవచ్చు. అయితే ఆ మార్పు గురించి సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయకపోతే, రికార్డులో ఉన్న పాత నామినీకి సద్భావంతో చేసిన చెల్లింపు సంస్థ వరకు చెల్లుతుంది. వీలునామా పెట్టెలో ఉండిపోయి, కార్యాలయం రికార్డులో పాత పేరే ఉన్న సందర్భాలు వివాదాలకు పెద్ద వనరు.

పాలసీని అసైన్ చేస్తే నామినేషన్ దానంతటదే రద్దవుతుంది. బీమా సంస్థ దగ్గరే పాలసీ మీద అప్పు తీసుకున్నప్పుడు మాత్రం రద్దు కాదు. అప్పు బాకీ మేరకు నామినీ హక్కు తగ్గుతుంది. అప్పుకు హామీగా ఇతరులకు అసైన్ చేసిన పాలసీ విషయంలో, అప్పు తీరి పాలసీ తిరిగి వచ్చాక పాత నామినేషన్ తనంతట తానే పునరుద్ధరణ అవుతుందని 2015 సవరణ చేర్చింది.

పాలసీదారు బతికుండగా గడువు తీరితే సొమ్ము అతనిదే. నామినీ ముందే చనిపోతే, బతికి ఉన్న మిగతా నామినీలకు, ఎవరూ లేకపోతే పాలసీదారు వారసులకు లేదా కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకున్నవారికి వెళ్తుంది.

ఇక్కడ గమనించదగ్గది ఒకటుంది. పెళ్లి చేసుకున్నా, పిల్లలు పుట్టినా, విడాకులు తీసుకున్నా బీమా చట్టం ప్రకారం పాత నామినేషన్ దానంతటది రద్దు కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు తల్లి పేరు రాసి, పదేళ్ల తర్వాత ఇద్దరు పిల్లల తండ్రిగా చనిపోయిన వ్యక్తి పాలసీలో తల్లి పేరే ఉంటుంది. అత్తాకోడళ్లు ప్రత్యర్థులుగా నిలిచే కేసుల్లో చాలావాటి కథ ఇదే.

సర్బతి దేవి కేసు (1983)

స్వతంత్ర భారతంలో ఈ అంశంపై మూలస్తంభంగా నిలిచిన తీర్పు సర్బతి దేవి వర్సెస్ ఉషా దేవి. రూ.10,000 చొప్పున రెండు పాలసీలు తీసుకున్న వ్యక్తి 1967లో వీలునామా రాయకుండా చనిపోయాడు. నామినీ భార్య. తల్లి, కుమారుడు కలిసి తమకు మూడింట రెండు వంతులు రావాలని దావా వేశారు. కింది కోర్టులు, ఢిల్లీ హైకోర్టు నామినీ వైపే మొగ్గాయి. నామినీకి సొంత హక్కు ఉంటుందని ఢిల్లీ హైకోర్టు అంతకు ముందే వేరే కేసుల్లో చెప్పి ఉంది. మరికొన్ని హైకోర్టులు అందుకు భిన్నంగా అన్నాయి.

1983 డిసెంబరు 6న జస్టిస్ ఇ.ఎస్. వెంకటరామయ్య రాసిన తీర్పులో సుప్రీంకోర్టు ఢిల్లీ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. నామినీ సొమ్ము అందుకోవడానికి అధికారం ఉన్న వ్యక్తి మాత్రమేనని, అందుకున్న సొమ్ము మృతుడి ఆస్తిలో భాగమై వారసత్వ చట్టం ప్రకారం పంపకమవుతుందని చెప్పింది. కోర్టు తర్కంలో ముఖ్యమైన అంశం నామినీ ముందే చనిపోయినప్పటి పరిస్థితి. అప్పుడు సొమ్ము నామినీ వారసులకు కాక పాలసీదారు వారసులకు వెళ్తుందని చట్టమే చెబుతోంది. నామినీ నిజంగా యజమాని అయివుంటే అలా ఉండదు. పైగా నామినేషన్ అనేది వీలునామా కాదు. సాక్షుల సంతకాలు లేని కాగితంతో వారసత్వ క్రమాన్ని మార్చే అధికారం చట్టం ఇచ్చిందనుకోవడానికి స్పష్టమైన మాటలు కావాలి. తల్లి, భార్య, కుమారుడు ముగ్గురికీ సమానంగా మూడో వంతు చొప్పున దక్కింది.

తర్వాతి ముప్పై ఏళ్లు దేశమంతటా ఈ సూత్రమే నడిచింది. దీన్ని కోర్టులు బీమాకే పరిమితం చేయలేదు (చూడండి: ఇతర ఆస్తుల్లో నామినేషన్).

లా కమిషన్ 190వ నివేదిక

సర్బతి దేవి సూత్రం న్యాయంగానే ఉన్నా ఆచరణలో ఒక లోటు కనిపించింది. భార్యాబిడ్డల భద్రత కోసమే పాలసీ తీసుకుని వారి పేరే రాసిన వ్యక్తి ఉద్దేశం, మరణానంతరం ఇతర వారసుల దావాతో నెరవేరకుండా పోయేది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా, తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ ఎం. జగన్నాధరావు అధ్యక్షతన లా కమిషన్ 2004లో ఇచ్చిన 190వ నివేదిక దీన్ని పరిశీలించింది. నామినీలను రెండు రకాలుగా విడదీయాలని సూచించింది: సొమ్ము తానే అనుభవించే లబ్ధి నామినీ, ఇతరుల తరఫున వసూలు చేసిపెట్టే వసూలు నామినీ. తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లల వంటి దగ్గరివారిని మొదటి రకంలో చేర్చాలన్నది ఆ సూచన సారం.

2015 సవరణ

2014 డిసెంబరు 26న ఆర్డినెన్సుగా వచ్చి 2015లో చట్టమైన బీమా చట్టాల సవరణ 39వ సెక్షన్‌ను కొత్తగా రాసింది. కొత్త 7వ ఉపసెక్షన్ ప్రకారం, పాలసీదారు తన తల్లిదండ్రులనో, జీవిత భాగస్వామినో, పిల్లలనో, వీరిలో కొందరినో నామినీలుగా పెడితే సొమ్ముపై వారికి లబ్ధి హక్కు ఉంటుంది. ఒక మినహాయింపు ఉంది. పాలసీ మీద పాలసీదారుకున్న హక్కు స్వభావాన్ని బట్టి అలాంటి లబ్ధిని అతడు ఇవ్వలేడని రుజువైతే ఇది వర్తించదు.

ఇలాంటి నామినీ పాలసీదారు తర్వాత చనిపోయి, అప్పటికి తన వాటా అందుకోకపోతే ఆ వాటా నామినీ వారసులకే వెళ్తుందని 8వ ఉపసెక్షన్ చెబుతుంది. సర్బతి దేవి తీర్పులో కోర్టు నామినీకి వ్యతిరేకంగా వాడిన తర్కాన్ని శాసనకర్తలు ఇక్కడ కొంతవరకు తిరగేశారు. పాలసీ సొమ్ములోంచి బాకీ రాబట్టుకునే అప్పులవాళ్ల హక్కుకు ఈ రెండు ఉపసెక్షన్లూ అడ్డు రావని 9వ ఉపసెక్షన్ భరోసా ఇస్తుంది. సవరణ అమల్లోకి వచ్చాక చెల్లింపుకు వచ్చిన పాలసీలన్నిటికీ ఇవి వర్తిస్తాయి. పాలసీ ఎప్పుడు తీసుకున్నారన్నది లెక్కలోకి రాదు. 1995లో తీసుకున్న పాలసీ అయినా పాలసీదారు 2018లో చనిపోతే కొత్త నిబంధనే.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనల్లుళ్లు, స్నేహితులు, మనవలు ఈ జాబితాలో లేరు. వారిని నామినీగా పెడితే పాత సూత్రమే: వసూలు చేసి వారసులకు అప్పగించాలి.

సవరణ తర్వాతి వ్యాఖ్యానాలు

7వ ఉపసెక్షన్‌ను ఉన్నదున్నట్టు చదివితే సంగతి తేలికగానే కనిపిస్తుంది. కొడుకు తల్లిని నామినీగా పెట్టాడు కాబట్టి సొమ్మంతా తల్లిది, భార్యాబిడ్డలకు అందులో పాలు లేదు. సవరణ ఉద్దేశం ఇదేనన్న వాదన బలంగానే ఉంది. లేకపోతే కొత్త ఉపసెక్షన్‌కు పనేముందన్నది ఆ వాదన చేసేవారి ప్రశ్న.

దీనికి ఎదురు వాదనను విస్తృతంగా చర్చించిన తీర్పుల్లో ఒకటి కర్ణాటక హైకోర్టు 2025 మార్చిలో నీలవ్వ వర్సెస్ చంద్రవ్వ కేసులో ఇచ్చినది. జస్టిస్ అనంత్ రామనాథ్ హెగ్డే రాసిన ఆ తీర్పులో వాస్తవాలు పైన చెప్పినవాటికి అచ్చంగా సరిపోతాయి. పెళ్లికి ముందు తల్లిని నామినీగా పెట్టిన వ్యక్తి, పెళ్లయి బిడ్డ పుట్టాక కూడా పేరు మార్చకుండా వీలునామా లేకుండా చనిపోయాడు. లా కమిషన్ సూచించిన స్పష్టమైన రెండు రకాల విభజనను పార్లమెంటు యథాతథంగా తీసుకోలేదని, బీమా చట్టం లక్ష్యం వారసత్వ క్రమాన్ని తిరగరాయడం కాదని కోర్టు అంది. వారసులెవరూ హక్కు కోరనప్పుడు లబ్ధి నామినీదని, వారు హక్కు కోరితే నామినీ హక్కు వారసత్వ చట్టానికి లోబడుతుందని తేల్చి, తల్లికి, భార్యకు, బిడ్డకు మూడో వంతు చొప్పున పంచింది.

అన్ని హైకోర్టులూ ఈ దారిలో నడవలేదు. ఫలితంగా ఒకే రకం వాస్తవాలపై ఒక రాష్ట్రంలో ఒక ఫలితం, పక్క రాష్ట్రంలో మరో ఫలితం రావచ్చు. నామినీ లబ్ధిదారు అని పత్రాల్లో రాసుకున్నా, ఆ మాటను తిరుగులేనిదిగా భావించడం ప్రస్తుతానికి తొందరపాటే.

వైయక్తిక చట్టాల కింద వాటాలు

నామినీ హక్కు పూర్తిగా నిలవని చోట, వీలునామా లేని చోట, సొమ్ము ఎవరికి ఎంతన్నది మృతుడి మతానికి వర్తించే చట్టాన్ని బట్టి ఉంటుంది. రూ.72 లక్షల పాలసీ సొమ్ము, వెనక భార్య, తల్లి, ఒక కుమారుడు, ఒక కుమార్తె ఉన్నారనుకుంటే తేడా స్పష్టమవుతుంది.

హిందూ పురుషుడైతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురూ మొదటి తరగతి వారసులు. తలా రూ.18 లక్షలు. తండ్రి బతికున్నా అతడు రెండో తరగతి వారసుడే కాబట్టి ఏమీ రాదు. తండ్రి మొదటి తరగతిలో లేడన్న సంగతి చాలా కుటుంబాలకు కోర్టు మెట్లెక్కాకే తెలుస్తుంది. 2015 సవరణలోని లబ్ధి నామినీల జాబితాలో మాత్రం తండ్రి ఉన్నాడు. అందుకే తండ్రి నామినీగా ఉన్న కేసుల్లో రెండు వ్యాఖ్యానాల మధ్య ఎడం అన్నిటికంటే ఎక్కువ: ఒకదాని ప్రకారం మొత్తం సొమ్ము, మరోదాని ప్రకారం సున్నా.

క్రైస్తవుడైతే 1925 భారత వారసత్వ చట్టం కింద భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా. భార్య, కుమారుడు, కుమార్తె తలా రూ.24 లక్షలు తీసుకుంటారు. పిల్లలుండగా తల్లికి వాటా లేదు.

సున్నీ ముస్లిం అయితే పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు, అంటే రూ.9 లక్షలు. తల్లికి ఆరో వంతు, రూ.12 లక్షలు. మిగిలిన రూ.51 లక్షల్లో కుమారుడికి కుమార్తెకు రెట్టింపు: 34, 17 లక్షలు. వీలునామా ద్వారా కూడా ఇతర వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి రాయడం, వారసుల్లో ఒకరికే ఎక్కువ రాయడం కుదరదు. అందువల్ల ముస్లిం కుటుంబాల విషయంలో 7వ ఉపసెక్షన్ వ్యాఖ్యానం మరింత సున్నితమైన ప్రశ్న అవుతుంది.

హిందూ స్త్రీ పాలసీ లెక్క వేరు. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం మొదట పిల్లలు, భర్త. వారు లేకపోతే భర్త వారసులు. ఆ తర్వాతే ఆమె తల్లిదండ్రులు. పిల్లలు లేని వితంతువు తన జీతంతో కట్టిన పాలసీ కూడా, నామినీ గానీ వీలునామా గానీ లేకపోతే, పుట్టింటికి కాక అత్తింటి వైపుకు పోతుంది. స్వార్జితానికీ ఈ క్రమమే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2009లో ఓంప్రకాశ్ వర్సెస్ రాధాచరణ్ కేసులో చెప్పింది.

వివాదాల్లో తరచుగా కనిపించే రకాలు

పెళ్లికి ముందరి నామినేషన్ గురించి పైన వచ్చింది. అంతే తరచుగా వచ్చేది రెండో కుటుంబం కేసు. మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్లి హిందూ వివాహ చట్టం కింద చెల్లదు. కాబట్టి ఆ రెండో స్త్రీ నామినీ అయినా 'జీవిత భాగస్వామి' పరిధిలోకి రావడం కష్టం. ఆమె పిల్లల సంగతి వేరు. అదే వివాహ చట్టం 16వ సెక్షన్ వారిని సక్రమ సంతానంగా గుర్తిస్తుంది, తల్లిదండ్రుల ఆస్తిలో వారికి హక్కు ఉంటుంది. ఇలాంటి కేసుల్లో నామినీగా ఆమె ఓడిపోయి, పిల్లలు మాత్రం మొదటి భార్య పిల్లలతో సమానంగా వాటా పొందడం జరుగుతుంది.

విడాకుల తర్వాత మాజీ భార్య లేదా భర్త పేరు పాలసీలో ఉండిపోవడం మరో రకం. మరణం నాటికి జీవిత భాగస్వామి కాని వ్యక్తికి లబ్ధి హక్కు ఎలా వస్తుందన్నది అప్పుడు ప్రశ్న.

వీలునామాకు, నామినేషన్‌కు పొంతన కుదరని కేసుల్లో వీలునామా నిజమైనదేనా అన్న విచారణే ఏళ్ల తరబడి సాగుతుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తి నుంచో భాగస్వామ్య వ్యాపార ఖాతా నుంచో ప్రీమియం కట్టినప్పుడు పాలసీదారుకు పూర్తి సొంత హక్కు లేదన్న వాదన వస్తుంది. 7వ ఉపసెక్షన్‌లోని మినహాయింపు ఇలాంటి సందర్భాలకే పనికొస్తుంది.

ఒకే ప్రమాదంలో పాలసీదారు, నామినీ ఇద్దరూ చనిపోతే ఎవరు ముందు పోయారన్నది తేలాలి. హిందువుల వారసత్వం విషయంలో, వేరే రుజువు లేనప్పుడు వయసులో చిన్నవారు తర్వాత చనిపోయినట్టు హిందూ వారసత్వ చట్టం 21వ సెక్షన్ భావిస్తుంది. భార్యాభర్తలు కారు ప్రమాదంలో పోయిన కేసుల్లో ఈ ఒక్క ఊహ సొమ్మును ఒక కుటుంబం నుంచి మరో కుటుంబానికి మళ్లించగలదు.

బీమా సొమ్ము కోసమే పాలసీదారును చంపించిన కేసులు నేర వార్తల్లో కనిపిస్తుంటాయి. హత్య చేసినవారు, అందుకు తోడ్పడినవారు హతుడి ఆస్తికి వారసులు కాలేరని హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ చెబుతుంది. నామినీ విషయంలోనూ తన నేరం నుంచి ఎవరూ లాభపడరాదన్న న్యాయసూత్రాన్నే కోర్టులు అన్వయిస్తాయి.

వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద పాలసీలు

1874 చట్టం 6వ సెక్షన్ ఈ వివాదాలను మొదట్లోనే తప్పించే దారి. పెళ్లయిన పురుషుడు తన ప్రాణం మీద తీసుకున్న పాలసీ భార్యకో, భార్యాబిడ్డలకో, వారిలో ఎవరికైనా మేలు కోసమని పాలసీ మీదే రాయిస్తే అది వారి కోసం ఏర్పడిన ట్రస్టు అవుతుంది. ఆ సొమ్ము భర్త అధీనంలో ఉండదు, అప్పులవాళ్లకు చిక్కదు, అతని ఆస్తిలో భాగం కాదు. వారసుల మధ్య పంపకం ప్రశ్నే రాదు. భర్త తర్వాత మనసు మార్చుకున్నా వెనక్కి తీసుకోలేడు.

ఈ సెక్షన్ హిందువులకు వర్తిస్తుందా అన్నదే ఒకప్పుడు వివాదం. మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ వర్తిస్తుందని చెప్పడంతో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే కోస్తా, రాయలసీమ జిల్లాలతో సహా, ఈ రక్షణ ముందుగా అందింది. 1923 సవరణ ఆ తేడాను చట్టంలోనే నమోదు చేసింది: హిందువులు, ముస్లింలు, సిక్కులు, జైనులు తీసుకున్న పాలసీలకు మద్రాసులో 1913 డిసెంబరు 31 తర్వాత నుంచి, మిగతా చోట్ల 1923 ఏప్రిల్ 1 తర్వాత నుంచి వర్తింపు.

ఈ చట్టం కింద ఉన్న పాలసీకి 39వ సెక్షన్ వర్తించదు. ఇంత బలమైన ఏర్పాటు అయినా పాలసీ ప్రతిపాదన నాడే కోరాలి కాబట్టి, ఏజెంటు గుర్తు చేయకపోతే చాలామంది దాన్ని వాడుకోరు.

క్లెయిమ్, కోర్టు ప్రక్రియ

మరణం తర్వాత నామినీ క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువపత్రం, అసలు పాలసీ బాండు, బ్యాంకు ఖాతా వివరాలు ఇస్తే సంస్థ సొమ్ము జమ చేస్తుంది. చెల్లింపు జరిగాక వారసులు దావా వేయవలసింది నామినీ మీదే, సంస్థ మీద కాదు.

అందువల్ల వారసులు చేయగలిగిన మొదటి పని చెల్లింపుకు ముందే సంస్థకు రాతపూర్వక అభ్యంతరం ఇవ్వడం, సివిల్ కోర్టు నుంచి తాత్కాలిక నిషేధ ఉత్తర్వు తెచ్చుకోవడం. ఊరికే ఉత్తరం రాస్తే చెల్లింపు ఆగిపోతుందన్న హామీ లేదు, ఎందుకంటే చట్టం నామినీకి చెల్లించమనే చెబుతోంది. పోటీ హక్కులు తలెత్తి ఎవరికి చెల్లిస్తే బాధ్యత తీరుతుందో తేలనప్పుడు సంస్థ సొమ్మును బీమా చట్టం 47వ సెక్షన్ కింద కోర్టులో జమ చేయవచ్చు. హక్కుదారులే తమలో తాము తేల్చుకోవాలంటూ సివిల్ ప్రక్రియా స్మృతి 88వ సెక్షన్ కింద దావా వేసే మార్గం కూడా దానికి ఉంది.

నామినీ లేనప్పుడు సంస్థలు సాధారణంగా అడిగేది 1925 భారత వారసత్వ చట్టం 372వ సెక్షన్ కింద కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం. తెలుగు రాష్ట్రాల్లో తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రాన్ని చాలామంది దీనితో పొరబడతారు. తహసీల్దారు పత్రం కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుంది, హక్కు వాటాలను తేల్చదు. కోర్టు ధ్రువపత్రం కూడా అంతిమ తీర్పు కాదు. అది చూపించినవారికి చెల్లించిన సంస్థకు రక్షణ ఇస్తుంది. అసలు హక్కు మీద వేరే దావాకు అడ్డు రాదని అదే చట్టం 387వ సెక్షన్ చెబుతుంది.

బీమా అంబుడ్స్‌మన్, వినియోగదారుల కమిషన్లు సంస్థ వైపు లోపాలను విచారిస్తాయి. నామినీకి, వారసుడికి మధ్య హక్కు తేల్చడం వాటి పని కాదు. హైదరాబాద్‌లోని అంబుడ్స్‌మన్ కార్యాలయం ముందుకు వెళ్లే ఇలాంటి ఫిర్యాదుదారులు చివరికి సివిల్ కోర్టుకే చేరాలి.

ఇతర ఆస్తుల్లో నామినేషన్

సర్బతి దేవి సూత్రాన్ని సుప్రీంకోర్టు జాతీయ పొదుపు పత్రాలకు 2000లో విషిన్ ఖన్‌చందానీ కేసులో, బ్యాంకు ఖాతాలకు 2010లో రాంచందర్ తల్వార్ కేసులో వర్తింపజేసింది. కంపెనీ షేర్ల విషయంలో 2023 డిసెంబరు 14న శక్తి యెజ్దానీ కేసులో కూడా నామినీ యజమాని కాడనే చెప్పింది. బ్యాంకు ఖాతాలకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు 2025 నవంబరు 1 నుంచి వచ్చినా, హక్కు విషయంలో సూత్రం అదే.

ప్రావిడెంటు ఫండు నిబంధనలు మరో దారి పట్టాయి. 1952 ఉద్యోగుల భవిష్య నిధి పథకం 61వ పేరా ప్రకారం కుటుంబం ఉన్న సభ్యుడు కుటుంబ సభ్యులనే నామినీలుగా పెట్టాలి. పెళ్లితో అంతకు ముందరి నామినేషన్ రద్దవుతుంది. జీవిత బీమాలో వచ్చే అత్యధిక వివాదాలకు కారణమైన ఖాళీని అక్కడ ఒక్క వాక్యంతో పూడ్చారు. బీమా చట్టంలో అలాంటి వాక్యం ఎందుకు చేర్చలేదన్నది 2015 సవరణపై సహేతుకంగా అడగదగ్గ ప్రశ్న.

సామూహిక బీమా పథకాలు

తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టులో మొదలుపెట్టిన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల వయసున్న పట్టాదారు రైతులకు వర్తిస్తుంది. ప్రీమియం ప్రభుత్వమే భారతీయ జీవిత బీమా సంస్థకు కడుతుంది. రైతు ఏ కారణంతో చనిపోయినా రూ.5 లక్షలు నామినీ ఖాతాలో పడతాయి. ఇలాంటి పథకాల్లో పాలసీదారు ప్రభుత్వమో యాజమాన్యమో బ్యాంకో అయి ఉంటుంది, వ్యక్తి సభ్యుడు మాత్రమే. కాబట్టి తన ప్రాణం మీద తానే పాలసీ తీసుకున్నవారి గురించి మాట్లాడే 39వ సెక్షన్‌తో పాటు పథకం నియమాలనూ కలిపి చదవాలి.

విదేశాల్లో

అమెరికాలో పాలసీలో పేరున్న లబ్ధిదారే సొమ్ముకు యజమాని. అది మృతుడి ఆస్తిలో చేరదు, వీలునామాతోనూ మారదు. తగాదా అక్కడ ఎక్కువగా మాజీ జీవిత భాగస్వామి పేరు ఉండిపోయినప్పుడు వస్తుంది. విడాకులతో లబ్ధిదారు హోదా పోతుందని పలు రాష్ట్రాల చట్టాలు చెబుతాయి. అయితే యాజమాన్యాలు ఇచ్చే సామూహిక బీమా ఫెడరల్ చట్టం కిందికి వస్తుంది, అక్కడ రాష్ట్ర చట్టం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 2001లో ఎగెల్‌హాఫ్ కేసులో చెప్పింది. ఆ కేసులో సొమ్ము మాజీ భార్యకే దక్కింది. అక్కడి కంపెనీల్లో పనిచేస్తూ యాజమాన్యపు బీమాతో పాటు స్వదేశంలోనూ పాలసీ ఉంచుకున్న తెలుగువారి మరణానంతరం, ఒకే కుటుంబం ఒకే సమయంలో ఈ రెండు వేర్వేరు సూత్రాల కింద రెండు క్లెయిమ్‌లు నడపవలసి వస్తుంది.